మలీదా పళ్లెం, రెండు రక్తపరీక్షలు

మా ఇంట్లో మలేరియా ఉందన్న కబురు మొదట తెచ్చింది మా వీధి ఆశా కార్యకర్త. అల్లా ఆవిడని చల్లగా చూడాలి. గిలకలదిండి రేవులో వలలు బాగుచేసే మావారికీ, మాతోనే ఉండే ఆయన అక్కకీ ఒకే వారంలో చలిజ్వరం పట్టుకుంది. వానాకాలపు జ్వరమేలే అనుకున్నాం. ఆ కార్యకర్త ఇద్దరి వేళ్లూ పొడిచి చూసి, "ఇద్దరిదీ మలేరియానేనండీ. ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి" అంది.

మావారికి చాలా ఏళ్లుగా షుగరు. ఆయన అక్కని నేను ఆపా అంటాను. ఆవిడకి షుగరు లేదు.

మందులు పడ్డాక జ్వరాలు దిగాయి. తమ్ముడి జ్వరం దిగితే మలీదా చేస్తానని ఆపా అంతకుముందే దర్గాలో మొక్కుకుంది. గోధుమరొట్టెలు చిదిమి, నెయ్యీ బెల్లమూ కలిపి, ఫాతెహా ప్రార్థన చదివించి పంచింది. మొక్కు మలీదా ఎవరూ వద్దనకూడదు. మిగిలింది ఇంటికి తెచ్చి మూతపెట్టి, "వాడికి పెట్టనులే అమ్మాయ్" అంది. నేను నమాజు చేసుకుని వచ్చేసరికి పళ్లెం ఖాళీ.

మర్నాడు పరగడుపున ఇద్దరికీ రక్తపరీక్షలు చేయించాం. నేను బడికి వెళ్లలేదు. ఖురానూ, తెలుగూ, ఇంగ్లీషు అంకెలూ మా నాన్న ఇంట్లోనే నేర్పారు. ఆ చదువుకి షుక్రియా చెప్పుకోని రోజు లేదు. ఆ రోజు మాత్రం దాన్ని చెడ్డపనికి వాడాను.

మావారి పాత కాగితం పక్కన పెట్టి చూశాను. కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. రక్తంలో ఉండే ఇంకో కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు మాత్రం ఎన్నడూ లేనంత పైకి పోయాయి. ఆపావీ హద్దు దాటాయి, కాకపోతే అంత కాదు. ఇంకేముంది, ఇద్దరూ కూర్చుని తిన్నారన్నమాట.

"కొలెస్ట్రాల్ దిగిందిగా, దాని మాత్ర మానేస్తా" అన్నారు మావారు సంబరంగా.

"మలీదా తింటే దిగుతుందా?" అన్నాను.

"నేను ముట్టలేదే."

వంటింట్లో నేతిడబ్బా వంచి చూశాను. ఆపా చేతులు వాసన చూసినంత పనిచేశాను. చివరికి అడిగేశాను.

"వాడి వంతు నేనే తిన్నానమ్మాయ్. పారెయ్యకూడదుగా" అంది ఆపా.

"మరి ఆయన రక్తంలో కొవ్వెక్కడిది?"

మర్నాడు ఆపా సంచీ సర్దుకుని గుడివాడలో చిన్న తమ్ముడింటికి వెళ్లిపోయింది. ఎన్నాళ్లకని అడిగితే, "నీ అనుమానం తీరేదాకా" అంది.

నేను కాగితాలు పట్టుకుని ల్యాబుకి వెళ్లాను. రక్తం తీసినామె ఓపిగ్గా చెప్పింది.

"మలేరియాలో ఇలాగే అవుతుందండీ. కొలెస్ట్రాల్ పడిపోతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. షుగరు లేనివాళ్లకీ అంతే. ఉన్నవాళ్లకి అవి ముందే ఎక్కువుంటాయి కాబట్టి ఇంకా పైకి పోతాయి. ఒంట్లో బాగా కుదుటపడ్డాక మళ్లీ చూపించుకోండి. డాక్టరుగారిని అడక్కుండా మాత్ర మాత్రం మాన్పించకండి."

"అయితే మలీదా తిన్నట్టా, తిననట్టా?"

ఆమె నవ్వింది. "అది ఈ కాగితం చెప్పదండీ. మీ ఇంట్లోవాళ్లనే అడగాలి."

అడిగానుగా. జవాబూ చెప్పారు. నమ్మనిది నేనే.

కొన్ని వారాలకి మళ్లీ పరీక్ష చేయించాం. మావారి ట్రైగ్లిజరైడ్లు ఎప్పుడూ ఉండేంతకి దిగాయి. మాత్ర మానలేదు గనక సరిపోయింది, కొలెస్ట్రాల్ మళ్లీ పాతచోటికే వచ్చింది. ఆ కాగితం తీసుకుని గుడివాడ బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాటాక మళ్లీ మడిచి సంచిలో పెట్టేశాను. అది చూపిస్తే ఆపాని ఇంకోసారి అవమానించినట్టే అనిపించింది.

"ఆపా, తప్పయిపోయింది. ఇంటికి రండి" అన్నాను.

"కాగితం తేలేదా?"

"తెచ్చాను. చూపించను."

ఆపా తన సంచీ అందుకుని, "నెయ్యి ఉందా ఇంట్లో?" అంది. ఆ సాయంత్రమే నాతో బయల్దేరింది.

ఇప్పుడు ఆపా లేదు. పోయినేడు నిద్రలోనే వెళ్లిపోయింది. ఇది చదివినవాళ్లు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, తమ్ముడికి బెల్లం తగలనివ్వకుండా అతని వంతు తానే తిని, నా చేత మాటపడిన ఆ మనిషిని మీ ప్రార్థనలో ఒక్కసారి తలుచుకోండి.