ఎస్తేరమ్మ పీకేసిన మొక్కలు

ఎస్తేరమ్మది తెలివితక్కువతనమని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు మా ఊళ్లో. వాళ్ల నోట్లో మన్నుపడ! పని బాగా నేర్చుకున్నందుకే దెబ్బతిన్న మనిషి ఆమె.

అరవై ఆరులో ముత్తుకూరు దగ్గర ఇసుక నేలలో, సంకర సజ్జకు కావలసిన తల్లి విత్తనం పెంచడానికి సర్కారువాళ్లు మడి వేశారు. కూలికి పోయిన ఎస్తేరమ్మకు ఫీల్డుమాన్ జయరామయ్య ఒకటే పాఠం చెప్పాడు. తేడాగా కనబడిన బెరుకు మొక్కనల్లా వేరుతో పీకెయ్యాలి, లేకపోతే విత్తనం చెడిపోతుంది. ఆమె కంట పడకుండా ఒక్క బెరుకూ బతకలేదు. నూర్పిళ్లయ్యాక కళ్లం ఊడ్చిన గింజలు కూలీలకు వదలడం మా వైపు ఆనవాయితీ. తిండికే గదా అని, తల్లి వరసలు విడిగా నూర్చిన కళ్లంలో ఊడ్చినవి జయరామయ్య ఆమె కొంగులో పోశాడు.

మొగుడు పోయాక ఆమెకు మిగిలింది సరుగుడు తోటల నడుమ ఓ ఇసుక చెక్క, పదేళ్ల కూతురు రూతమ్మ. ఆ ఏడు చేను పండకపోతే పిల్లను నెల్లూరులో ఎవరింటికో పాచిపనికి పంపాల్సిందే. అందుకని ఆ గింజలు వండుకోకుండా దాచి, తొలకరికి చల్లింది. నిరుడు రాలిన నాటు సజ్జ కూడా అక్కడక్కడా మొలిచింది. నేర్చిన పని గదా, వంగి వంగి ఒక్కొక్కటీ పీకి గట్టున పారేసింది. చుట్టుపక్కల ఇంకెవరూ సజ్జ వెయ్యలేదు.

చేను గుండెల ఎత్తు లేచింది. జానెడు కంకులు! నువ్వెక్కడికీ పోనక్కర్లేదని పిల్లకు చెప్పేసింది కూడా. తీరా కంకి నలిపితే అరచేతిలో పొట్టు. ఇంకోటి నలిపింది, అదీ తాలే. చేనంతా తాలే.

జయరామయ్య వచ్చి చూశాడు. ఆ రకానికి సొంత పుప్పొడి ఉండదనీ, మడిలో పక్క వరసల పుప్పొడి గాలికి వచ్చి పడబట్టే గింజ కట్టిందనీ, ఆ గింజలు మొలిచినా తల్లి గుణమే వస్తుందనీ చెప్పాడు.

"తినమని ఇచ్చినాను గదా ఎస్తేరమ్మా, విత్తనానికని ఇయ్యలేదే" అన్నాడు.

ఆమె గట్టు వైపు చూసింది. "నాటు మొక్కలు పీకకుండా ఉంటే గింజ పట్టేదా అయ్యా?"

"పట్టేది. వాటి పుప్పొడి చాలు" అన్నాడు.

మరుసటి వారం రూతమ్మను బస్సెక్కించడానికి నేనూ తోడు పోయాను. తల్లి పిల్ల చెయ్యి వదలదే! చివరికి కండక్టరే వేళ్లు విడదీశాడు.