లచ్చత్త అద్దిన గునుగు

మొన్న కరీంనగర్ మార్కెట్‌లో ముందే రంగు అద్ది అమ్ముతున్న గునుగుపూల కట్ట ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి నీళ్లు చిలకరిస్తే గులాబీ రంగంతా నా చేతులకంటింది గానీ, కిందనుంచి పచ్చిగడ్డి వాసన మాత్రం చిన్నప్పటిలాగే లేచింది. లచ్చత్త అద్దిన రంగు ఇట్లా కారేది కాదు. ఆ వాసనకు అందరికీ బతుకమ్మ పండుగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం నేను చేసిన తప్పు గుర్తొస్తుంది.

హుస్నాబాద్ దగ్గరి పల్లెలో మాది నేతపని ఇల్లు. లచ్చత్త మా బాపు చెల్లెలు, పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే మా ఇంటికి తిరిగొచ్చింది. వానలు తెరిపిచ్చి, చేలగట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూసే రోజుల్లో, బాపు నూలుకు అద్దగా మిగిలిన రంగునీళ్లలో ఆమె గుప్పెడు ఉప్పు వేసి, పూలకట్టలను తలకిందులుగా ముంచి, దండేనికి వేలాడదీసి ఆరబెట్టేది. అవ్వ, అంటే మా అమ్మ, నువ్వులూ పల్లీలూ వేయించి నైవేద్యపు సద్దులకు పొడులు కొడుతుంటే, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దల కోసం మేం పిల్లలం రోలు చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్లం.

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి వరుస మీద వరుస పేర్చడం లచ్చత్తకు వచ్చినట్టు ఊళ్లో ఎవరికీ రాదు. కానీ భర్త పోయిన మనిషి పేర్చిన బతుకమ్మ మంచిది కాదని మా వాడలో పట్టింపు. అందుకని ఆమె వెనకింట్లో తలుపు దగ్గరికేసుకుని పేర్చేది, అవ్వ ఎత్తుకుని బయటికి తెచ్చేది. "ఎవలన్న అడిగితే మా అవ్వనే పేర్చిందని చెప్పుండ్రి" అని అవ్వ మాకు ఏటా పాఠం పెట్టేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, పండుగ చివరిదైన సద్దుల రోజున, లచ్చత్త పక్కన కూర్చుని నేనూ ఒక వరుస పేర్చాను. ఆమె చూసి నవ్వి, "వంకర వొయింది బిడ్డా" అంటూ నా వరుసంతా విప్పి మళ్లీ తనే పేర్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం వాగు ఒడ్డున బతుకమ్మలన్నీ నడుమ పెట్టి ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. లచ్చత్త దూరంగా బండ మీద కూర్చుని తన పూలను తను చూసుకుంటోంది. పక్కింటి ఎల్లవ్వ మా బతుకమ్మను చూసి, "గింత సక్కగ ఎవలు పేర్చిన్రే?" అని నన్ను అడిగింది.

"మా లచ్చత్త" అన్నాను, బండ మీది ఆమెకూ వినబడేంత గట్టిగా.

చప్పట్లు ఆగిపోయాయి. "మొగడు వోయినదాని చేతి పువ్వులా!" అంటూ ఎల్లవ్వ మా తాంబాళాన్ని పక్కకు జరిపింది. లచ్చత్త లేచి ఇంటికి వెళ్లిపోయింది. అవ్వ నన్ను కొట్టలేదు. "సిన్నపిల్ల, దానికేం ఎరుక" అని అందరూ నన్నే వెనకేసుకొచ్చారు. నాకు అంతా ఎరుకే.

మూడేళ్లు ఆమె పువ్వు ముట్టలేదు. దండెం మీద నూలే ఆరింది. నాలుగో ఏడు బడినుంచి వచ్చేసరికి, వెనకింట్లో స్టీలు పళ్లెంలో జానెడు బతుకమ్మ పేరుస్తోంది. తలుపు బార్లా తెరిచే ఉంది.

"ఎవలకోసమత్తా?"

"నాకోసమే. లోకం నన్ను ఎలేసింది సాలదా, నన్ను నేను గూడ ఎలేసుకోవాల్నా?"

నేను గడప దగ్గరే నిలబడి, "నా మీద కోపం లేదా?" అన్నాను.

"కోపం వెట్టుకుంటే పువ్వు మీద చెయ్యి సాగది బిడ్డా. మూడేండ్లు సూసిన గద. అయినా నీకేం ఎరుక అప్పుడు! జర గా బంతిపువ్వు అందియ్యి."

ఎరుకే అత్తా, కావాలనే అన్నాను అని చెప్పాల్సింది అప్పుడే. బంతిపువ్వు అందించాను. ఆ రోజు మేమిద్దరమే ఆ పళ్లెం చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగాం. ఆ తర్వాత ఏటేటా పేర్చడం నేర్పింది, నా వంకర వరుసను మళ్లీ ఎన్నడూ విప్పలేదు. కానీ ఆమె క్షమించింది తెలియక నోరుజారిన పిల్లను. తెలిసే అన్న పిల్ల క్షమాపణ అడగనేలేదు. చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచాయి, పోయిన చలికాలంలో లచ్చత్త కన్నుమూసింది.

ఇప్పుడు ఆ చేలగట్లు లేవు, ప్లాట్ల రాళ్లున్నాయి. బాపు నూలుకు రంగు అద్దిన కాగులు పోయాయి, సద్దుల పొడులు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. ఈ ఏడు పేర్చడం మానేద్దామనుకున్నాను, ఆమె నేర్పిన పనికి నా చేతులు తగవనిపించి. కానీ పువ్వులు మానేయడం ఆమెకు నచ్చే శిక్ష కాదు. కారుతున్న ఆ గులాబీ గునుగుతోనే, కాస్త వంకరగా, పేర్చాను.

సాయంత్రం మా అపార్టుమెంటు ముందు ఆడుతుంటే పై అంతస్తు అమ్మాయి, "ఎంత మంచిగున్నది ఆంటీ, ఎవరు నేర్పిన్రు?" అని అడిగింది.

"మా లచ్చత్త" అన్నాను, అందరికీ వినబడేంత గట్టిగా.

చప్పట్లు ఆగలేదు.