నూకల బకెట్

మా ఆయన పెళ్లిళ్లకి ఆడగుర్రాన్ని కిరాయికి తిప్పుతారు. అమలాపురం చుట్టుపక్కల పెళ్లికొడుకుల్లో సగం మంది దాని వీపు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లే. మాకు అదే బతుకుతెరువు. నాకైతే ఇంట్లో మనిషి.

ఆ రోజు పొద్దున్న అది ముందుకాలితో నేల తవ్వుతోంది. తల తిప్పి తన పొట్టవైపే చూసుకుంటోంది. ఒళ్లంతా చెమట. పడుకుంటుంది, దొర్లుతుంది, మళ్లీ లేస్తుంది. రాత్రి నుంచి లద్ది వెయ్యలేదు. శుభ్రంగా ఉన్న ఆ పాక చూడగానే ఆయన్ని కేకేశాను.

ఆయన పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశారు. రామచంద్రపురం నుంచి రావాలి. "కడుపునొప్పండి అది. గుర్రానికి వాంతి అవదు, ఏదున్నా కిందికే పోవాలి. నోట్లో ఏమీ పొయ్యకండి. నేనొచ్చేదాకా దొర్లనివ్వకుండా మెల్లిగా నడిపించండి" అన్నారు.

మా వీధి నుంచి కాలవగట్టు దాకా, మళ్లీ వెనక్కి. ఆయన కాసేపు, నేను కాసేపు. నా వంతు కాకపోయినా కూర్చోలేక వెనకాలే తిరిగాను. నాలుగు అడుగులకోసారి దాని తోకవైపు చూడటం, ఏమీ లేదని నిట్టూర్చడం. ఇంతలో పక్కింటి బాబాయిగారు వెదురుగొట్టం, వాము కషాయం పట్టుకుని వచ్చారు.

"తల పైకెత్తి పట్టుకో అమ్మాయ్. మా గేదెలకి ఇదే పోస్తాం. గంటలో మేతకి లేస్తాయి."

"ఇది గేదె కాదండీ బాబాయిగారూ. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీరు పోస్తారా?" అన్నాను. పెద్దాయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. నిజానికి నా కోపం ఆయన మీద కాదు. ఇది గేదె కాదన్న సంగతి ముందురోజు నాకే గుర్తు లేదు.

ముందురోజు మధ్యాహ్నం అది ఐనవిల్లిలో ఊరేగింపు నుంచి అలిసిపోయి వచ్చింది. మా ఆయన ఎండుగడ్డి వేసి పడుకున్నారు. గడప తొక్కినవాళ్లకి ఒక ముద్ద ఎక్కువ పెట్టకుండా పంపడం నాకు చేతకాదు. పుట్టింట్లో గేదెకి పెట్టినట్టే నూకలూ తవుడూ తడిపి బకెట్ నిండా పెట్టాను. అడుగు దాకా నాకేసింది. ముచ్చటేసి ఇంకో బకెట్ పెట్టాను. ఆయన దాణా గుప్పెళ్లతో కొలిచి పెడుతుంటే పిసినారి అని వెక్కిరించేదాన్ని.

డాక్టరుగారు బండి దిగుతూనే, "నిన్న ఏం పెట్టేరు?" అని అడిగారు.

"ఎండుగడ్డేనండీ, రోజూ పెట్టేదే" అన్నారు మా ఆయన, నమ్మకంగా.

డాక్టరుగారు పొట్టకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. "గింజలేమైనా ఎక్కువ తిందా? అదైతే కడుపుతో పోదండి, గిట్టలు పాడైపోతాయి. మళ్లీ నడవలేదు. ఇప్పుడే తెలియాలి."

వీధి తగువులన్నిటికీ వెళ్లే నోరు నాది. ఇప్పుడు మా ఆయన వెనక్కి జరిగాను. గుర్రం మళ్లీ మోకాళ్లు మడిచింది.

"రెండు బకెట్ల నూకలు. నేనే పెట్టేను" అన్నాను.

మా ఆయన నావైపు చూడలేదు. తాడు బిగించి గుర్రాన్ని లేపారు.

డాక్టరుగారు సూది వేసి, ముక్కులోంచి గొట్టం దింపి నూనె పోశారు. మూడు రోజులపాటు గిట్టలకి ఐసు కట్టమన్నారు. రొయ్యల చెరువు దగ్గర్నుంచి ఐసు తెచ్చింది ఎవరనుకున్నారు, పొద్దున్న నేను తిట్టిన బాబాయిగారే. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం మూడింటికి కాలవగట్టు మీద లద్ది పడింది. చేతులెత్తి దండం పెట్టి అక్కడే ఏడ్చాను. మా ఆయన ఏడవలేదు, అరవలేదు.

"రేపట్నుంచి దాని మేత నేనే చూసుకుంటాను. నువ్వు పాకలోకి రాకు" అన్నారు.

"ఆయ్" అన్నాను.

గిట్టలు దక్కాయి. మళ్లీ ఊరేగింపులకి వెళ్తోంది. కానీ నేను నీళ్లకని కుళాయి దగ్గర బకెట్ ఎత్తితే చాలు, ఆ చప్పుడుకి పాకలోంచి సకిలిస్తుంది. ఆపకుండా సకిలిస్తుంది. అందుకే ఇప్పుడు హ్యాండిల్‌కి కొంగు చుట్టి ఎత్తుతున్నాను.