గరుడ కనిపిస్తే కళ్ళు మూసుకుంటుంది

గుళ్ళో కూడా మా ఆవిడది ఇదే వరస. ఉప్మాక స్వామి కోసం పొద్దున్నే లేచి, తలంటుకుని, లైన్లో కాళ్ళు పీకేదాకా నిలబడుతుంది. తీరా గర్భగుడి ఎదురుగా వచ్చేసరికి రెండు చేతులూ జోడించి కళ్ళు గట్టిగా మూసేసుకుంటుంది. పూజారి హారతి చూపిస్తాడు, వెనకవాళ్ళు ముందుకి తోసేస్తారు, ఈవిడ బయటికొచ్చి దర్శనం బాగా అయిందంటుంది. ఏం చూశావే అంటే నవ్వుతుంది. గుళ్ళో ఆ అలవాటు నాకెప్పుడూ అడ్డం కాలేదు. కొండకర్ల ఆవలో అడ్డమైంది.

ఆవ అంటే మా వైపు పెద్ద మంచినీటి మడుగు. ఒడ్డంతా తుంగ, మధ్యలో తామరాకులు, వెనకాల కొండలు. తాటి మొద్దుల్ని తొలిచి రెండేసి కలిపి కట్టిన దోనెల్లో జనాన్ని తిప్పుతారు. అనకాపల్లిలో స్కూటరెక్కితే ఎండ ముదరకముందే చేరిపోవచ్చు. నాది బెల్లం వ్యాపారం. మార్కెట్ సెలవు రోజున ఇంటిల్లిపాదీ పడుకుని ఉంటే, నేను కెమెరా మెడకి తగిలించుకుని ఆ గట్ల వెంట నడిచేవాణ్ణి. తామరాకుల మీద నడిచే పొడుగుతోక పిట్టలు, నీలి నీటికోళ్ళు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు. నా ముక్కుమీద కోపానికి అదొక్కటే మందని మా ఆవిడే అనేది. తను మాత్రం వచ్చేది కాదు. ఆ బురదలో ఏటుందండీ అనేది.

తర్వాత విశాఖపట్నంలో కంటి డాక్టరు ఆవిడకి నీటికాసుల జబ్బని చెప్పాడు. పక్కచూపు ఇప్పటికే చాలా పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలనీ అన్నాడు. ఎన్నాళ్ళు కాపాడగలమంటే నీళ్ళు నమిలాడు. ఎదురుగా ఉన్నది ఆవిడకి బాగానే కనిపిస్తుంది. పక్కనుంచి వచ్చే సైకిలు మాత్రం మీద పడేదాకా తెలీదు. పొద్దునా సాయంత్రం చుక్కలు వేసుకుని వసారా మెట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. కాసేపు మూసుకుంటే చాలని డాక్టరు చెబితే, ఈవిడ టిఫిను చల్లారిపోయినా లేవదు. దానికీ విసుక్కునేవాణ్ణి.

అప్పటినుంచే ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆవకి వెళ్ళడం మొదలుపెట్టాను. కళ్ళున్నప్పుడే చూడాలి, అదే నా పట్టుదల. అన్నిటికన్నా ముందు గరుడపక్షిని చూడాలి. ఆవిడ పుట్టిల్లు ఉప్మాక పక్కనే. స్వామి కొండ మీద తిరిగే ఆ ఇటుకరంగు రెక్కల, తెల్లమెడ పక్షంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. ప్రాణమే గానీ, దాన్ని నిదానంగా చూసిన పాపాన పోలేదు. ఆకాశంలో గరుడ కనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్ళంతా చేతులు జోడించి కళ్ళు మూసుకుంటారు. తెరిచేసరికి అది కొండ దాటిపోతుంది.

మొదటిసారి గరుడ సరిగ్గా మా దోనె మీదికే వచ్చింది. అదిగో నెత్తి మీద అన్నాను. ఆవిడ తలెత్తింది, తెల్లమెడ చూసింది, చేతులెత్తేసింది, కళ్ళు మూసేసుకుంది. ఆ ఊపుకి దోనె ఊగి నా కెమెరాలో ఆకాశం తప్ప ఏమీ పడలేదు. ముందు చూడు, దండం తర్వాత పెట్టుకో అని దారంతా నూరిపోశాను. సరేనండీ అంది. ఆ మరుసటిసారీ అంతే. అలవాటండీ, సెయ్యి దానంతటదే లేసిపోతాది అంది.

ఇంకోసారి ఒడ్డున పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటొకటి దిగింది. అబ్బాయి కోటు, అమ్మాయి నేల మీద ఈడ్చుకుపోయే గౌను, నెత్తిమీద డ్రోను. వాళ్ళ ఫొటోగ్రాఫరు గులాబీరంగు పొగ వదిలాడు. ఆవలో ఒక్క పిట్టన్నది మిగలకుండా అన్నీ లేచిపోయాయి. అదే టైముకి బెల్లం దిమ్మల రేటు ఎంత చెప్పమంటారని కొట్టు నుంచి ఫోను. నేను ఒడ్డుకొచ్చి ఆ ఫొటోగ్రాఫరుతో గొడవేసుకుంటుంటే మా ఆవిడ ఆ పిల్ల గౌనుకంటిన బురద దులుపుతోంది.

చివరికి మోసానికి కూడా దిగాను. గరుడ దూరంగా కనిపిస్తే, అది వట్టి గద్ద, తీరిగ్గా చూడు అన్నాను. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. అంతలో అది ఒక్క మలుపు తిరిగి, ఎండలో మెడ తెల్లగా మెరిసింది. స్వామినట్టుకుని గద్దంటారేటండీ అని నన్ను తిట్టి, లెంపలేసుకుని, కళ్ళు మూసుకుంది.

ఈ శీతాకాలం చుక్కల మందు మార్చారు. అంటే పాతది పనిచెయ్యలేదన్నమాట. నాకు తొందర పెరిగింది, తొందరతో పాటు కోపమూ పెరిగింది. ఆ పొద్దున ఆవలో మంచు విడిపోయి, గాలి లేకుండా, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వలలేసేవాళ్ళు పాతిన వెదురు గెడ మీద గరుడ వాలి ఉంది. దోనె నడిపే అతను తన చేతిలో గెడ ఎత్తేసి దోనెని దానంతటదే జారనిచ్చాడు. పక్షి సరిగ్గా ఆవిడ ముఖానికి ఎదురుగా, ఆవిడ చూపు ఆనే చోటే ఉంది. అంతకంటే ఏం కావాలి? నేను కెమెరా ఎత్తాను గానీ బటన్ నొక్కలేదు. ఆవిడ మొహంకేసే చూస్తున్నాను. ఆవిడ చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది. హమ్మయ్య అనుకున్నాను.

చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్ళు పోతున్నాయే నీకు, ఉన్న కాసేపైనా తెరిచి ఉంచలేవా అని అరిచాను. ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనం. అనేశాను. గరుడ లేచిపోయింది. దోనె అతను తల తిప్పుకుని తామరాకులకేసి చూడసాగాడు. ఆవిడ మాత్రం కళ్ళు తెరవలేదు.

"ఎందుకలా అరుత్తారు? సూత్తన్నాను కదా" అంది.

"మూసుకుని ఏం చూస్తున్నావే?"

"ఎడం కాలు పొట్టలోకి ముడుసుకుంది. తోకలో ఒక ఈక లేదు. మనకేసి ఒకసారి సూసి, మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది."

ఈక సంగతి నిజమేనా అని దోనె అతన్ని అడిగాను. నిజమేనన్నాడు. అంత పెద్ద లెన్సు పెట్టుకుని నేను చూడలేదు.

ఆవిడ అప్పుడు కళ్ళు తెరిచింది. కోపం లేదు, ఏడుపూ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు చెప్పింది. "ఇదివరకైతే వట్టి దండమేనండీ. ఇప్పుడు రెండూనూ. సూసిందల్లా మూసుకుని లోపలుందో లేదో సూసుకుంటన్నాను. లేకపోతే మళ్ళీ తెరిసి సూసుకోవచ్చు కదా, ఇప్పుడైతే."

ఎప్పట్నుంచి అని అడిగాను.

"డాక్టరు సెప్పిన కాడ్నుంచీ. మెట్టు మీద కూకుని ఏటి సేత్తన్నాననుకున్నారు మీరు? వీధి, గుమ్మం, స్టవ్వు, మీరు. ఒకోటీ సూసుకుని లేత్తాను. అందుకే టిఫిను సల్లారిపోతాది."

ఇన్నాళ్ళూ టిఫిను కోసం విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఇప్పుడది ఎవరి మీదో తెలీలేదు. డాక్టరు మీద కావచ్చు, కొత్త మందు మీద కావచ్చు. దోనె మళ్ళీ కదిలింది. ఆవిడ చెయ్యి నీళ్ళలో పెట్టి తామరాకులు తప్పిస్తోంది. నేను కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ చూడకుండా, కళ్ళు మూసుకున్నాను.

ముందు గరుడని తలుచుకున్నాను. గోధుమరంగుది ఏదో, గెడ మీద, అలికేసినట్టు వచ్చింది. పోనీలే అని ఆవిడ మొహం తలుచుకున్నాను. ఎదురుగా చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉంది. బొట్టు వచ్చింది, జుట్టు వచ్చింది, నవ్వితే పడే గీతలు వచ్చాయి. పెళ్ళినాటి నుంచీ పెట్టుకుంటున్న ముక్కుపుడక ఏ పక్కనుందో మాత్రం తేలలేదు. ఎడమ అనుకున్నాను, కుడి అనుకున్నాను, ఎంత గట్టిగా మూసుకున్నా రాలేదు.

కళ్ళు తెరిచి చూసుకున్నాను. కుడి పక్కన ఉంది. మళ్ళీ మూసుకున్నాను.