పై గాలి ఎదురుచూడదు

పోయిన వారం భూపాలపల్లి నుంచి మానుకోట వెళ్ళే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ దిగుతోంది, గాలి హాయిగా ఉంది. ఊరికే అరచెయ్యి బయటపెట్టాను. చెయ్యి బల్లపరుపుగా ఉన్నంతసేపు గాలి దాని పక్కనుంచి జారిపోయింది. బొటనవేలి వైపు కాస్త ఎత్తానో లేదో, చెయ్యంతా పైకి లేచింది. "ఓ మేడం, చెయ్యి లోపటికి తీస్కో! ఏమన్నయితె మల్ల మామీదికే వస్తది" అని కండక్టరమ్మ కసిరింది. తీసుకున్నాను. కానీ అప్పటికే యూసుఫ్ సార్ గుర్తొచ్చేశారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

యూసుఫ్ సార్ మానుకోట బడిలో మాకు పదో తరగతి ఫిజిక్స్ చెప్పారు. నేను గార్ల నుంచి ప్యాసింజర్ బండిలో వెళ్ళి చదువుకునేదాన్ని. విమానం ఎలా ఎగురుతుందో చెప్పిన రోజు ఆయన కాగితం చింపి, సన్నటి పట్టీ చేసి, పెదవి కింద పెట్టుకుని ఊదారు. వేలాడుతున్న కాగితం లేచి నిలబడింది. "సూడుండ్రి. విమానం రెక్క మీదిభాగం జర గూనిగ ఉంటది. మీదికెళ్లి పోయే గాలికి తొవ్వ ఎక్కువ, కిందికెళ్లి పోయేదానికి తక్కువ. రెండు గాలులూ రెక్క చివర్ల కలుసుకోవాలె గద! అందుకే మీది గాలి ఉరుకుతది. ఉరికే గాలికి ఒత్తిడి తక్కువ. కింది గాలి రెక్కను మీదికి లేపుతది" అన్నారు. జాతరలో తప్పిపోయిన అన్నదమ్ముల్లా ఆ రెండు గాలులూ నా కళ్ళకు కట్టాయి. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఒక్క పాఠం కోసమే నేను ఫిజిక్స్ చదివాను.

చదువయ్యాక భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. నాన్న లేడు. నేనూ అమ్మా ఒక గదిలో అద్దెకుండేవాళ్ళం. మధ్యాహ్నం బొగ్గు గనుల్లో బాంబులు పేల్చినప్పుడల్లా మా కిటికీ రెక్కలు గడగడలాడేవి. ఏడాదిపాటు చూసి, కరస్పాండెంట్ గారి ముందు ఒక పాఠం చెప్పించుకుని, నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఏ పాఠం చెప్పాలో నేను ఆలోచించనే లేదు. యూసుఫ్ సార్ విమానం పాఠం ఉండగా వేరేది దేనికి?

రేపు పాఠమనగా సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా సార్. రిటైరయ్యాక జనగామలో కూతురి దగ్గర ఉంటున్నారని విన్నాను గానీ, చూసి చాలా ఏళ్ళయింది. బాగా చిక్కిపోయారు. అమ్మ చాయ్ పెట్టింది. ఒక గుటక తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"బిడ్డా, నేను మీకు విమానం పాఠం తప్పు చెప్పిన."

నాకు అర్థం కాలేదు. ఆయన మనవరాలు ఫోన్లో విమాన విన్యాసాలు చూస్తూ తాతను అడిగిందట, "నానా, గీ విమానం బోర్ల తిరిగి గూడ పోతున్నది, కింద పడుతలేదేంది?" అని. గూని వల్లే లేస్తుందంటే, బోర్ల తిరిగినప్పుడు ఆ గూని విమానాన్ని కిందికి లాగాలి కదా! సార్‌కు నిద్ర పట్టలేదు. పుస్తకాలు తిరగేశారు, తెలిసినవాళ్ళను అడిగారు. చివరికి తేలిందేమిటంటే, పై గాలి కింది గాలి కోసం ఎదురుచూడదు. రెండూ కలుసుకోవాలన్న నియమమేదీ లేదు. పై గాలి ముందే వెళ్ళిపోతుంది.

"మీద ఒత్తిడి తగ్గేది నిజమే, గాలి ఉరికేదీ నిజమే. ఎందుకు ఉరుకుతదో నేను చెప్పిన కారణమే అబద్ధం" అంటూ మా టేబుల్ ఫ్యాన్ వేయించారు. నోటుబుక్కు అట్ట చించి, ముందంచు కాస్త ఎత్తి గాలికి పట్టారు. అట్ట పైకి తన్నుకుంది. "అట్ట ఎనక, కింద చెయ్యి పెట్టు" అన్నారు. పెట్టాను. గాలి నా చేతి మీద కిందికి కొడుతోంది. "రెక్క గాలిని కిందికి నూకుతది. గాలి రెక్కను మీదికి నూకుతది. బోర్ల తిరిగినా ముక్కు జర ఎత్తి పడితె గిట్లనే నూకుతది." తర్వాత అప్పట్లాగే ఒక కాగితం పట్టీ చింపి, నిలువుగా వేలాడదీసి, దాని ఒక పక్కన పైనుంచి కిందికి ఊదారు. అది ఊదిన వైపు రానే లేదు. "సూసినవా? ఉత్త ఉరుకుడుకే లేచేదుంటె, ఇది గుంజుకొని రావాలె."

ఈ మాట చెప్పడానికే ఆయన పాత విద్యార్థుల ఇళ్ళ చుట్టూ బస్సుల్లో తిరుగుతున్నారు. మానుకోటలో మందుల షాపు నడిపే మా క్లాసువాడు, "సార్, నాకు విమానంతోని పనేంది? గోలీలు అమ్ముకునేటోణ్ణి" అన్నాడట. "నీ బిడ్డ అడుగుతది గదరా" అని సార్ అక్కడే నిలబడి మొత్తం చెప్పి కదిలారట.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. "సార్, రేపు నా నౌకరి సంగతి. కరస్పాండెంట్ గారికి గూడ పాత ముచ్చటే తెలుసు. రేపటికి అట్లనే చెప్పి, తర్వాత పిల్లలకు సరిచేస్తా" అన్నాను. అమ్మ కూడా అందుకుంది. "అవు సార్, పిల్లను పరేషాన్ చెయ్యకుండ్రి. గీ నౌకరి మీదనే బతుకుతున్నం."

సార్ అమ్మ వైపు చూసి తలొంచుకున్నారు. తర్వాత నాతో మెల్లగా అన్నారు. "చెప్పుకో బిడ్డా, నేను వద్దనను. మల్ల ఆ పిల్లల ఇండ్లకు నువ్వు బస్సెక్కాలె."

మర్నాడు క్లాసులో ఫ్యాను, అట్ట పెట్టుకున్నాను. పిల్లలు వంతులవారీగా వచ్చి అట్ట వెనక చెయ్యి పెట్టి చూశారు, కేరింతలు కొట్టారు. చివరి బెంచీలో కూర్చున్న కరస్పాండెంట్ గారు లేచారు. "మేడమ్, పై గాలికి దూరం ఎక్కువ కాబట్టి వేగంగా పోతుంది. అసలు పాయింటు అది. మరిచిపోయారా?"

అవునండీ అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా కళ్ళముందు సార్ జనగామ బస్సు కడ్డీ పట్టుకుని మెట్లు ఎక్కుతున్నారు. "నేను కూడా అట్లనే నేర్చుకున్నాను సార్. అది తప్పు" అన్నాను.

సాయంత్రం కరస్పాండెంట్ గారు ఆఫీసు గదికి పిలిచి, పిల్లల ముందు పెద్దవాళ్ళను తప్పుపట్టేవాళ్ళు తమ బడికి సరిపోరని మర్యాదగానే చెప్పారు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

సార్‌కు ఫోన్ చేశాను. ఓదారుస్తారనుకున్నానో, తిట్టిపోద్దామనుకున్నానో నాకే తెలియదు. "నౌకరి పోయింది సార్" అన్నాను.

"మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నారు. తర్వాత, "పిల్లలు నమ్మిండ్రా?" అని అడిగారు.

"నమ్మిండ్రు సార్. గంతులేసిండ్రు."

"నేను తప్పు చెప్పిననాడు మీరు గూడ గట్లనే గంతులేసిండ్రు."



మరో బడిలో పని దొరకడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో సార్ మీద నాకు కోపం పోలేదు. ఆ తర్వాత ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఇప్పుడు మానుకోటలోనే చెబుతున్నాను, బాగా చెబుతానని పేరు కూడా ఉంది. కానీ పాఠం మొదలుపెట్టబోతూ చాక్‌పీసు చేతిలోకి తీసుకోగానే, పిల్లలందరూ తలెత్తి నా వైపు చూస్తారు. నేనేం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉన్న ముఖాలవి. నేను చెప్పబోయేదాంట్లో తప్పేదైనా ఉందేమోనని ఒక్క క్షణం భయం వేస్తుంది. ఇన్నేళ్ళ అనుభవం తర్వాత కూడా ఈ భయమేమిటని తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. అది పోతే ఇక బడి మానేస్తాను.