మేమ్యోలో పద్మిని నాలుగు నెలలు

పద్మిని మా పక్కగది మనిషి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

యాంగోన్‌లో, అహ్లోన్ పేటలో పాత బియ్యం మిల్లు వెనక వరసగదుల్లో ఉంటాం. తల్లి పోయేనాటికి తమ్ముడు ధర్మరాజుకి పదేళ్లు. వాణ్ణి పెంచడానికి పద్మిని పెళ్లి మాట తలపెట్టకుండా వీధి చివర దోసెలు పోసింది. వాడు పెద్దవాడు కాగానే వార్డు ఆఫీసులో ఉండే ఇంటి మనుషుల జాబితాలో ఇంటిపెద్దగా వాడి పేరు రాయించింది. "మగోడు పైనుంటేనే బాగుంటాదే," అంది. అప్పుడు నోరు మూసుకోవడం నా తప్పు.

పోయిన అక్టోబరులో ఆమె దోసెలు తిన్న బర్మా ఆవిడ డా ఖిన్, అంటే ఖిన్ అమ్మగారు, మేమ్యోలో తన అతిథిగృహానికి వంటకి రమ్మంది. చలికాలం నాలుగు నెలలూ యాంగోన్ జనం ఉన్నిటోపీలు పెట్టుకుని ఫోటోలు దిగడానికి ఆ కొండమీదికి ఎగబడతారు. యాభై రెండేళ్లకి మొదటిసారి ఊరు దాటబోతూ పద్మిని తెగ సంబరపడింది.

బర్మాలో మా తెలుగువాళ్లకి కాగితాల భయం పుట్టుకతో వస్తుంది. కాగితం లేదని తాతల్ని ఇండియా ఓడలెక్కించిన కథలు వింటూ పెరిగాం. అవసరానికి మించి ఒక ముద్ర వేయించుకుంటేగానీ నిద్రపట్టదు. జాబితాలో పేరు లేని మనిషి ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకోవాలన్నా వార్డు ఆఫీసులో అతిథిగా రాయించుకోవాలి మరి. అందుకని పద్మిని, ఎవరూ అడగకుండానే, ఇక్కడి జాబితాలో తన పేరు కొట్టించి డా ఖిన్ ఇంటి జాబితాలోకి మార్పించుకుంది.

"ఒచ్చినాక మళ్లీ రాయించెత్తానప్పా," అని అక్కకి మాటిచ్చాడు ధర్మరాజు.

అక్కడి చలికి ఆమె వేళ్లు పగిలి నెత్తురొచ్చేదట. ఫోన్లో మాత్రం చెర్రీపూల ముచ్చట్లే చెప్పేది.

మార్చిలో జనం పలచబడ్డారు. డా ఖిన్ గదులకి తాళాలేసి, పద్మిని పేరు తన జాబితాలోంచి తీయించి, బదిలీ కాగితం చేతికిచ్చి పంపేసింది.

దిగిన రోజే పద్మిని తమ్ముణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా కాగితం చూసి నవ్వాడు. నాలుగు నెలల పనికి పేరెందుకు మార్చుకున్నావు, అతిథినని రాయించుకుంటే సరిపోయేది కదా అన్నాడు. ఇంటిపెద్ద సంతకం చేస్తే మళ్లీ చేరుస్తానని ఫారం ధర్మరాజు ముందుకు తోశాడు.

వాడు పెన్ను ముట్టుకోలేదు.

"రత్నం తమ్ముడొచ్చినాడప్పా. నీ మంచం ఆడికిచ్చీసినాం," అన్నాడు. రత్నం వాడి పెళ్లాం. "నీకేటి, కొండమీద బాగానే కుదురుకున్నావు గదా."

"అక్కడ తలుపులు మూసీసినార్రా. నానెక్కడికెల్తాను?"

వాడు ఫారం గుమాస్తా వైపు తోసేశాడు. చెప్పు తీసి కొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు. మా గదిలో ఉండమనీ అనలేదు. మేమే ఏడుగురం.

గుమాస్తా విసుక్కుని అతిథుల పుస్తకం తెరిచాడు. తమ్ముడింట్లో ఎన్ని రోజులని అడిగాడు.

"మూడు," అన్నాడు ధర్మరాజు.

పద్మిని వంగి సంతకం పెట్టింది. మెట్లు దిగుతూ నేను తిట్లు లంకించుకుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడ్నేటీ అనకే. రత్నం ఒకరోజే ఇమ్మనుంటాది, ఆడే మూడన్నాడు."