ఏడాదికొక్క సూది

పోయిన బుధవారం పొద్దున మా మేనత్త వెళ్లిపోయింది. స్నానం చేసి, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చుని టీ అడిగిందట. మా తమ్ముడి భార్య టీ తెచ్చేసరికి ఊపిరి లేదు. గుండె ఆగిందన్నారు. ఎనభై ఏళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు, ఒక్కరోజు కూడా మంచాన పడకుండా పోయింది, అదృష్టవంతురాలు అని. అదృష్టం కొంత ఉందేమో. అత్త ఆలోచన ఎంత ఉందో దగ్గరుండి చూసినదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేం ఐదుగురం తోబుట్టువులం, నేను పెద్దదాన్ని. అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. వరంగల్ బజారులో మా నాన్న పెట్టిన పూజా సామాన్ల దుకాణాన్ని ఆయన తర్వాత ఆమే నడిపింది. దుకాణంలో ఆమె కూర్చోగా నేను చూడలేదు. కొనేవాళ్లు నిలబడి ఉంటే తను కూర్చోవడం ఏమిటనేది. ఇంట్లో నేల మీద నుంచి లేస్తున్నప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే మాత్రం చిరాకు. "నన్ను ఎవ్వలు లేపొద్దు. నేనే లేస్త," అనేది.

ఆ పట్టుదలకు కారణం పరకాలలో ఉండేది. అత్తకు సొంత అక్క. బాత్రూంలో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ అయినా మళ్లీ నడవలేదు, ఏడాదికి పైగా మంచంలోనే ఉండి కన్నుమూసింది. అత్త ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేది. కోడళ్లు పక్కకు తిప్పుతుంటే అక్క కళ్లు మూసుకునేదట. అంతవరకే చెప్పేది.

ఆరేళ్ల కిందట, పై అరలోని కర్పూరం డబ్బా కోసం చిన్న స్టూలెక్కి అత్త కూడా పడింది. పెద్ద ఎత్తేమీ కాదు, అయినా మణికట్టు విరిగింది. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ ఎముకలు గుల్లబారాయని చెప్పి వారానికో గోలీ రాసింది. పొద్దున్నే పరగడుపున, పెద్ద గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. అరగంట దాకా పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు. నేను తలూపి వచ్చాను.

మరిచిపోకుండా ఉంటుందని శనివారం పెట్టాను. ఆ రోజు అత్తకు ఒక్కపొద్దు, ఎలాగూ ఏమీ తినదు. గోలీని దేవుడి పీట దగ్గరే ఉంచాను. ఒక్కపొద్దు నాడు పూజ కాకుండా గుక్కెడు నీళ్లు కూడా ముట్టని మనిషి. మూడు ఉద్ధరిణెల తులసి తీర్థంతో దాన్ని మింగి, వెంటనే నేలకు నుదురు ఆనించి మొక్కేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. మందుకు దైవబలం తోడైందని సంతోషపడ్డాను కూడా.

రెండు నెలలకు ఛాతీలో మంట మొదలైంది. ఉపవాసం వేడి అనుకుని మజ్జిగ ఇచ్చాను. కొన్నాళ్లకు తగ్గింది. మజ్జిగ పనిచేసిందనుకున్నాను. ఒకరోజు ఒత్తుల డబ్బా తెరిస్తే గోలీల పట్టీలు కనబడ్డాయి. నెల రోజులుగా మానేసిందట. మంట ఒక కారణం. ఆ మందు వాడుతూ పన్ను పీకించుకున్న తమ చుట్టానికి దవడ ఎముక మానలేదని ఎదురు దుకాణం ఆమె చెప్పడం ఇంకొకటి.

"గొంతుల మంట లేచింది, ఇగ దవడ గూడ పోతే నీతోని కొట్లాడుడెట్ల బిడ్డా?" అంది.

డాక్టరమ్మ దగ్గర నా పొరపాటు నేనే చెప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. చాలినన్ని నీళ్లు లేక, పైగా వంగడం వల్ల, గోలీ గొంతు కింద ఒరుసుకుని ఉంటుందని చెప్పింది. గోలీ వద్దనుకుంటే ఏడాదికొకసారి నరానికి ఎక్కించే మందు ఉందంది.

అత్త ముందుకు జరిగింది. "డాక్టరమ్మా, ఏసుకుంటే ఏమైతది, ఏసుకోకుంటే ఏమైతది, రెండూ చెప్పు. తియ్యగ చేసి చెప్పకు."

ఆమె రెండూ చెప్పింది. దవడ ఇబ్బంది అరుదు, అయినా పళ్ల పని ఏదైనా ఉంటే ముందే చేయించుకోవాలి. చాలా ఏళ్లు వాడితే తొడ ఎముకలో చీలిక రావచ్చు, అదీ అరుదే, నొప్పి వస్తే వెంటనే చెప్పాలి. మొదటి సూదికి జ్వరం రావచ్చు. ముందు కిడ్నీల పరీక్ష చేయాలి. ఇక వేసుకోకపోతే, ఒకసారి విరిగిన మనిషికి మళ్లీ విరిగే భయం ఎక్కువ, ఈసారి తుంటి కావచ్చు. చివరకు ఇట్లా అంది: "మందు తీసుకున్నా పడితే విరగొచ్చమ్మా. విరిగే అవకాశం తగ్గుతుంది. అంతకుమించి నేను మాటివ్వలేను."

బయటికొచ్చాక అత్త అంది, "ఆ అమ్మ అబద్ధం ఆడలే."

వారం రోజులు ఎవరితోనూ ఆ మాటెత్తలేదు. తమ్ముళ్లు వేయించుకోమన్నారు, చెల్లెలు వద్దంది. నాకు సలహా చెప్పే ముఖం లేదు. దీపం పెట్టి ఊరుకున్నాను. ఎనిమిదో రోజు దుకాణంలో కుంకుమ పొట్లం కడుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"దవడ సంగతి పండ్ల డాక్టరు జూస్తడు. తొడ సంగతి నొప్పొస్తే నేనే చెప్త. మంచం సంగతి ఎవ్వలు జూడలేరు బిడ్డా. ఏసుకుంట."

పాడైన పళ్లు రెండు తీయించుకుంది. చిగుళ్లు పూర్తిగా మానాకే సూది. రెండు రోజులు జ్వరం కాసింది. దుప్పటి కప్పుకుని, "చెప్పిన జ్వరమే గదా, ఫికర్ జెయ్యకు," అని నాకే ధైర్యం చెప్పింది. మూడేళ్లు, మూడు సూదులు. కాల్షియం గోలీలు, రోజూ ఇంత ఎండ, బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ. స్టూలు మాత్రం మానలేదు. మేం దాచిపెడితే వెతికి తెచ్చుకునేది.

నా పొరపాటును దాచలేదు. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ, "మా పెద్దబిడ్డ తీర్థంతోని ఎముకలు అతికించబోయింది," అని నవ్వుతూ చెప్పేది. ఒకసారి నేను చిన్నబుచ్చుకుంటే మెల్లగా అంది, "దేవుడు అరగంట ఆగుతడు బిడ్డా, నువ్వే ఆగవు." ఇప్పుడు నా బీపీ గోలీ వేసుకునే ప్రతి పొద్దునా ఆ మాట గుర్తుచేసుకుని, గ్లాసు నిండా నీళ్లు తాగాకే పూజకు కూర్చుంటున్నాను.

మూడో సూది తర్వాత మళ్లీ స్కానింగ్ చూసి డాక్టరమ్మ, ఇక కొన్నాళ్లు ఆపి చూద్దామంది. తమ్ముళ్లు ఒప్పుకోలేదు, మంచి చేస్తున్న మందు ఎందుకు ఆపాలని. అత్తకు ఆ సందేహం రాలేదు. "పెట్టుమన్నదీ ఆమెనే, ఆపుమన్నదీ ఆమెనే. అప్పుడు నమ్మి ఇప్పుడు నమ్మకుంటే ఎట్ల?" అంది. ఆపిన రెండేళ్లూ ఏ ఎముకా విరగలేదు.

ఈ కార్తీకంలో అందరం పాలంపేట శివుడి గుడికి వెళ్లాం. గుడి అరుగు ఎత్తు, రాతి మెట్లు అరిగి నున్నగా ఉన్నాయి. అత్త చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టి, రెండో చేయి రాతికి ఆనించి, పక్కవాటుగా ఒక్కో మెట్టూ ఎక్కసాగింది. కింద మేం ఐదుగురం చేతులు సగం చాచి నిలబడ్డాం, తాకడానికి ఎవరికీ ధైర్యం లేదు. పైకి చేరి, అరచేతికి అంటిన దుమ్మును చీరకు తుడుచుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. మా చేతులు ఇంకా చాచే ఉన్నాయి.